వెంకమ్మ ఇంట్లో ఆగిపోయిన పొన్నుకర్ర

గొల్లపల్లి దాటి ఇంకా లోపలికి పోతే, ఒక అడుగు తెలంగాణలో ఒక అడుగు ఛత్తీస్‌గఢ్‌లో పెట్టినట్టుండే చిన్న ఊరొకటి ఉంది. మిర్చి కోతల కాలం వచ్చిందంటే ఆ ఊళ్లో ఆడవాళ్లను నిద్ర లేపే పని వెంకమ్మదే. అందరి ఇళ్లలో ఫోన్లున్నాయి, ఫోన్లలో అలారాలున్నాయి. అయినా అన్నాలు తిని పడుకోబోయే ముందు ఎవరో ఒకరు ఆమె గడప దగ్గరికి వచ్చి, "వెంకమ్మత్తా, రేపు ఆటో జల్ది వస్తదంట, జర లేపు," అని చెప్పి పోతారు. ఫోనుకు చార్జింగ్ అయిపోవచ్చు గానీ వెంకమ్మకు అయిపోదని వాళ్ల ధీమా.

తెల్లవారకముందే ఆమె తలుపు వెనక ఉన్న పొన్నుకర్ర తీసుకుని బయలుదేరుతుంది. ముదురు వెదురు కర్ర అది. అడుగున ఇనప పొన్ను వేసి ఉంటుంది. ఆ పొన్నుతో గడప రాయి మీద టక్కుటక్కుమనిపిస్తే లోపల దుప్పట్లు కదులుతాయి. ఒకరు దగ్గుతారు, ఒకరు విసుక్కుంటారు. వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చేసరికి పొయ్యిలు రాజుకుని ఉంటాయి.

"నీకేంది అత్తా, నిద్దర గోలే లేదు. మాకైతే లేవాలంటే పానం మీదికొస్తది," అనేది ఎదురింటి స్రవంతి, జడ అల్లుకుంటూ ఆటో ఎక్కేటప్పుడు.

వెంకమ్మ నవ్వేది. ఆ నవ్వు చూసిన వాళ్లకు ఆమె హాయిగా ఉందనే అనిపించేది. ఊళ్లో ఎవరింట్లో ఏ కూర వండారో ఆరా తీసేవాళ్లు కూడా, రాత్రంతా ఆమె ఏం చేస్తుందని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

ఆమెకు యాభై దాటాయి. భర్త ఉప్పలయ్య పచ్చకామెర్లతో పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. ఇల్లు ఊరి మొదట్లో, అడవి వైపు దారి పక్కన ఉంటుంది. పొద్దు కుంకగానే చాప వేసుకుని పడుకుంటుంది. ఒళ్లు చాప మీద ఉంటుంది, చెవులు మాత్రం వీధిలో ఉంటాయి. కుక్క మొరిగితే గుండె దడదడలాడుతుంది. ఏ కుక్క, ఎటు చూసి మొరిగింది, ఎందుకు ఆపేసింది అని మనసు దాని వెంట పరుగెత్తుతుంది. రోడ్డు మీద మోటారు సైకిలు పోతే చప్పుడు పూర్తిగా తగ్గేదాకా ఊపిరి బిగబట్టి వింటుంది. అది తగ్గాక ఇంకొకటి వస్తుందేమోనని వింటుంది. కళ్లు మండుతుంటాయి, తల బరువెక్కుతుంది. కాస్త కునుకు పట్టబోతే ఎవరో భుజం పట్టి కుదిపినట్టు ఉలిక్కిపడి లేస్తుంది.

తలాపున ఒక మూట ఉంటుంది. ఆ మూటలో ఏముందో ఎవరడిగినా చెప్పదు. ఒకసారి వానకు తడిస్తే ఎండలో ఆరేసింది గనుక చూసినవాళ్లు చూశారు. ఒక చీర, గుప్పెడు బియ్యం, అగ్గిపెట్టె, ప్లాస్టిక్ కవరులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు. చెప్పులు వాకిలి వైపు మొన పెట్టి విడుస్తుంది, చీకట్లో కాళ్లు దూర్చి పరుగెత్తడానికి వీలుగా.

గొడవల రోజుల్లో ఊరంతా అలాగే పడుకునేది. ఎప్పుడు ఎవరొస్తారో, వచ్చినవాళ్లు ఏ వైపు వాళ్లో తెలియని రోజులవి. ఆ తర్వాత రోడ్డు పడింది, పోలీసు క్యాంపు వచ్చింది, టవరు వచ్చింది, వీధిలో సోలార్ దీపాలు వెలిగాయి. ఒక్కొక్కరూ మూటలు విప్పి చీరలు దండెం మీద వేసుకున్నారు. వెంకమ్మ విప్పలేదు.

ఇలా ఎన్నేళ్లు గడిచేదో గానీ, ఆ ఏడు కోతల్లో ఒకరోజు మిర్చి చేను గట్టు మీద కళ్లు తిరిగి పడిపోయింది. తల మీది గంపలోని కాయలన్నీ కాలవలో పడ్డాయి. నీళ్ల సీసా మూత కూడా తీసుకోలేకపోయింది. మేస్త్రీ వచ్చి చూసి, రాత్రుళ్లు నిద్ర పట్టదని ఆమె నోటే విని, "నిద్ర లేని మనిషిని బండెక్కించుకుని నేను పోలీసు స్టేషన్ల చుట్టూ తిరగలేను. నిద్ర బాగుచేసుకుని రా, అప్పుడు చూద్దాం," అని మొహం మీదే చెప్పాడు.

దాంతో వెంకమ్మ పగలంతా ఒంటరిదైపోయింది. చేలో నలుగురి మధ్య ఉంటే నవ్వులో తిట్లో చెవిన పడుతుండేవి. ఇప్పుడు అందరినీ లేపి, ఆటో ఎక్కించి, ఖాళీ ఊళ్లోకి ఒక్కతే తిరిగొచ్చేది.

సాయంత్రాలు బోరింగు దగ్గర మాత్రం ఊరంతా వైద్యులే. గసగసాలు నూరి తాగమన్నారు, మాడుకు ఆముదం పెట్టమన్నారు. జీలుగు కల్లు నిండా తాగితే పామొచ్చి పక్కన పడుకున్నా తెలియదన్నారు. తాగింది. తల తిరిగింది గానీ చెవులు మూతపడలేదు. ఊరి పూజారి వడ్డె దారం కట్టి కోడిని తీసుకున్నాడు. సంచి వేసుకుని ఊళ్లు తిరిగే డాక్టరు ఒక సీసా గ్లూకోజు ఎక్కించి బలం లేదన్నాడు. ఆ సీసాలో బొట్లు పడుతుంటే అవి కూడా వింటూ పడుకుంది.

చివరికి ఆమె చేయి పట్టుకుని కదిలించిన మనిషి పేరు గంగే. పక్క గూడెంలో ఉండే దోర్ల తెగ మనిషి, మితానిన్‌గా పనిచేస్తుంది. ఇంటింటికీ తిరిగి కడుపుతో ఉన్నవాళ్లను, జ్వరాలవాళ్లను చూసుకోవడం ఆమె పని. ఇంట్లో దోర్లి, ఆఫీసులో హిందీ, సంతలో హల్బీ, వెంకమ్మతో తెలుగు మాట్లాడుతుంది.

"సుక్మా పెద్దాసుపత్రికి పోదాం పెద్దమ్మా. అక్కడ మనసు డాక్టరు కూసుంటడు."

"నాకు మనసుల ఏమైందే? నాకు నిద్ర రాదు, గంతే. పిచ్చిదాన్నని ఊళ్లె చాటింపేస్తవా?"

"పిచ్చోళ్లని బస్సులె కిటికీ పక్కన ఎవరన్న కూసోబెడతరా? నేను కూసోబెడత రా."

వెంకమ్మ కిటికీ పక్కనే కూర్చుంది. కోంటా మీదుగా సుక్మా దాకా బస్సు పోతున్నంతసేపూ అందరూ నిద్రలో ఊగుతున్నారు. గంగే కూడా ఆమె భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టింది. బస్సులో డ్రైవరూ వెంకమ్మా మాత్రమే మేలుకుని ఉన్నారు.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు, హిందీవాడు. వెంకమ్మకు హిందీ వచ్చు. కిలో ఎంత, తగ్గించు, గాడీ ఎప్పుడొస్తుంది అనేంత వచ్చు. కానీ ఆ హిందీతో బేరమాడగలదు గానీ గుండెలో దడను చెప్పలేదు. "నీంద్ నహీ," అని ఆగిపోయింది. డాక్టరు ఇంకేదో అడిగాడు. "నీంద్ నహీ సాబ్," అంది మళ్లీ.

అప్పుడు పక్కన నిలబడ్డ నర్సు తెలుగులో పలకరించింది. ఆమె పేరు ఇంద్రాణి. "కూర్చోండమ్మా. మాది కిరండూల్. నాన్నగారు గనుల్లో చేసేవారు. మీరు తెలుగులోనే చెప్పండి, నేను సారుకి చెప్తాను."

ఆ అండీలు వినగానే వెంకమ్మ ఇంకా ముడుచుకుపోయింది. ఆమెను ఎవరైనా అలా మన్నించి పిలిచారంటే ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికే.

గంగే మోచేత్తో పొడిచింది. "చెప్పు పెద్దమ్మా. బోరింగు కాడ గింత మాట్లాడతవు, ఇక్కడ మూగదానివైతివా?"

కొంచెం కొంచెంగా చెప్పింది. కుక్క సంగతి, మోటారు సైకిలు సంగతి, కునుకులో ఉలికిపాటు. ఇంద్రాణి ఒక్కో మాటా హిందీలోకి మార్చింది. డాక్టరు నాడి చూశాడు, బీపీ చూశాడు, రక్తం తీయించాడు. నోట్లో పెన్ను పెట్టుకుని కాసేపు ఆలోచించి ఒక ప్రశ్న వేశాడు.

"ఒకవేళ రాత్రి మీకు గాఢంగా నిద్ర పట్టేసిందనుకోండమ్మా," అని ఇంద్రాణి తెలుగులో అడిగింది, "ఏమవుతుందని మీ భయం?"

వెంకమ్మ ఆమె వైపు వింతగా చూసింది. ఇంత చదివినవాళ్లకు ఇదీ తెలియదా అన్నట్టుంది ఆ చూపు.

"నేనెట్ల పండుకుంట బిడ్డా? కర్ర నా కాడ్నే ఉన్నది గద."

"ఏ కర్ర?" అంది గంగే. వచ్చినప్పుడల్లా ఆ కర్ర చూస్తున్న మనిషే, అయినా అర్థం కాలేదు.

అప్పుడు చెప్పింది వెంకమ్మ. ఆ పొన్నుకర్ర మొదట మిర్చి కల్లాల కాపలా కర్ర. కల్లంలో కాయలు ఎండేటప్పుడు రోజుకొక ఇంటివాళ్లు కాపలా కాసేవాళ్లు. తెల్లవారగానే కర్రను తర్వాతి ఇంటికి తీసుకుపోయి, ఇంట్లో మనిషిని బయటికి పిలిచి, "కర్ర వచ్చింది," అనాలి. వాళ్లు చేత్తో పట్టుకుని "అందింది," అనాలి. ఆ మాట వాళ్ల నోటి నుంచి వచ్చేదాకా కాపలా పాత ఇంటిదే. గుమ్మానికి ఆనించి రావడానికి వీల్లేదు, పిల్లల చేతికి ఇవ్వడానికీ వీల్లేదు. గొడవలు వచ్చాక అదే కర్ర ఊరి కాపలాకు తిరిగింది. మగవాళ్లు వలస పోతే ఆడవాళ్లే కాశారు.

"నా వంతు వచ్చింది. కాసిన. పొద్దుగాల పక్కింటికి తీస్కపోతె తాళమున్నది. వాళ్లు రాత్రికి రాత్రి ఏరు దాటి అవతలి ఒడ్డుకు పోయిన్రు. ఆ పక్కింటికి పోతె అక్కడ గూడ తాళమే. ఎవరికియ్యాలె? మల్ల తెచ్చి తలుపు ఎనకాల పెట్టుకున్న."

"తర్వాత వాళ్లు తిరిగి రాలేదా అమ్మా?" అంది ఇంద్రాణి.

"వచ్చిన్రు. ఒక్కలు గూడ కర్ర ఏదని అడగలే. నేనూ చెప్పలే. కాపలా నాదే గద అని కాస్తున్న."

ఇంద్రాణి హిందీలో చెప్పడానికి కాస్త సమయం పట్టింది. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. గంగే మొహం పక్కకు తిప్పుకుని సంచి సర్దుకుంటున్నట్టు చేసింది. ఆ ఊళ్లో రాత్రి ఉండిపోయినప్పుడల్లా, ఆటో కోసం లేపమని ఆ మనిషి గడప దగ్గర తను కూడా నిలబడింది.

డాక్టరు నిదానంగా చెప్పాడు. ఒంటికి ఇంకా కాపలా దిగమని కబురు అందలేదని, అందుకే అది గుండెనూ చెవులనూ మేల్కొనే ఉంచుతుందని, ఇది పిచ్చి కాదని. కొన్నాళ్లకు సరిపడా చిన్న గోలీలు ఇచ్చాడు. నిద్ర ముంచుకొచ్చేదాకా చాప ఎక్కొద్దన్నాడు. పడుకున్నాక రాకపోతే లేచి కూర్చోమన్నాడు గానీ వీధిలోకి పోవద్దన్నాడు. పొద్దున రోజూ ఒకే వేళకు లేవాలి, పగలు పడుకోకూడదు, మధ్యాహ్నం దాటితే చాయ్ మానాలి, గుండె దడ మొదలైతే ఊపిరి నెమ్మదిగా వదలాలి. మళ్లీ నెలకు వచ్చి కనపడాలి. అన్నీ చెప్పి, చివర్లో ఇంద్రాణితో ఇంకో మాట అన్నాడు.

"ఊరికి పోగానే ముందు ఆ కర్ర ఎవరికైనా అప్పజెప్పమంటున్నారమ్మా సారు."

తిరుగు బస్సులో వెంకమ్మ గోలీల అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. "గంగే, కర్ర నా ఇంట్ల ఉండంగ ఇవి ఏసుకోను. ఏసుకుని లేవకపోతె ఊరి గతేంది?"

మరునాడే కర్ర పట్టుకుని బయలుదేరింది. మొదట వంతు ప్రకారం పక్కింటికి, ముయా ఇంటికి. ఆనాడు తాళం పడ్డ ఇల్లు అదే. ముయా ఇప్పుడు ట్రాక్టరు నడుపుతున్నాడు. టైరు విప్పి కూర్చున్నవాడల్లా తలెత్తి చూశాడు.

"కర్ర వచ్చింది ముయా."

"ఇప్పుడు కర్రేంది పెద్దమ్మా? క్యాంపోళ్లున్నరు, లైట్లున్నయి. ఆ మూలకు పడేసి పో, పాములకు పనికొస్తది."

"మూలకు పడేయొద్దు. చేత్తో పట్టుకుని అందిందనాలె."

"చేతికి గ్రీజున్నది," అని మళ్లీ టైరు మీదికి వంగాడు. అతని భార్య లోపలి నుంచే చెయ్యి ఊపి వద్దంది. ఆ కర్ర పట్టుకుంటే వెంకమ్మ జబ్బు అంటుకుంటుందని అప్పటికే ఊళ్లో ఎవరో పుట్టించారు. ఎవరు పుట్టించారో తీగ లాగుతూ పోతే బోరింగు దగ్గర ఆగుతుంది, అంతకు మించి తెలియదు.

స్రవంతి ఇంకోలా అంది. "నువ్వు కర్రిచ్చి పండుకుంటె మమ్ముల ఎవలు లేపుతరు అత్తా? ఈ కోతలైపోనీ. ఎండాకాలంల తీరుబాటుగ పండుకుందువు."

"నేను సచ్చిపోతె ఎవలు లేపుతరే?"

"గట్లనకు అత్తా," అని స్రవంతి నాలుక కరుచుకుంది. కర్ర మాత్రం పట్టుకోలేదు.

ఇల్లిల్లూ తిరిగింది. రోజూ ఆ పొన్ను చప్పుడుకు లేచే గడపలే అన్నీ. ఒకరికి పసిపిల్ల ఉంది, ఒకరికి మొక్కు ఉంది, ఒకరు నవ్వేసి ఊరుకున్నారు. సాయంత్రానికి కర్ర మళ్లీ తలుపు వెనకకే చేరింది. కబురు తెలిసి గంగే మండిపడుతూ వచ్చి, "నాకియ్యి. నేను అంటా అందిందని," అంది.

"నువ్వు ఈ ఊరి వంతుల లేవు బిడ్డా. నీకిచ్చినా ఇచ్చినట్టు గాదు."

ఇక మిగిలింది సీతయ్య. వీధికి ఆ చివర మేకలతో ఒంటరిగా ఉంటాడు. చెవులు బాగా మందం. వినపడదు గనుక అతన్ని ఎవరూ ఏదీ అడగరు, వెంకమ్మ కూడా ఆ ఇంటి దాకా వెళ్లాలనుకోలేదు. కర్ర గొడవ అతని చెవిన ఎలా పడిందో గానీ మర్నాడు తనే ఆమె వాకిట్లో నిలబడ్డాడు.

"ఏదీ, కర్ర?"

"నీకెందుకయ్యా?"

"ఆ పొన్ను ఏసింది నేనే. నాకిస్తె ఏమైతది?"

"చెవులు లేనోడివి ఏం కాపలా కాస్తవు?"

అతనికి వినపడలేదు. ఆమె గట్టిగా ఇంకోసారి అరిచింది. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు.

"కండ్లున్నయ్ గద," అన్నాడు సీతయ్య. "చెవులున్నోడే తీస్కోవాలని కట్టుబాటుల ఏమన్న ఉన్నదా?"

లేదు. వెంకమ్మ ఎంత ఆలోచించినా అలాంటి కట్టుబాటు గుర్తుకు రాలేదు. లోపలికి పోయి కర్ర తెచ్చింది. "కర్ర వచ్చింది," అంది. ఈసారి అరవలేదు. అతను ఆమె పెదవులు చూసి రెండు చేతులతో కర్ర పట్టుకున్నాడు.

"అందింది."

కర్ర భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. తలుపు వెనక మట్టి నేల మీద పొన్ను దిగిన గుంట ఒకటి మిగిలింది. వెంకమ్మ దాన్ని పేడతో అలికింది. ఆ రాత్రి మొదటి గోలీ వేసుకుంది.

నిద్ర అంతలోనే పరుగెత్తుకొచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. మొదట్లో ఇంకా పాడైంది. చెవులు వీధి చివరిదాకా పోయి సీతయ్య మేలుకున్నాడా లేదా అని వెతికేవి. లేచి కూర్చునేది, డాక్టరు చెప్పినట్టు ఊపిరి వదిలేది, చెప్పుల వైపు చూసేది. వీధిలోకి మాత్రం పోలేదు. పోవడానికి చేతిలో కర్ర లేదు.

ఆమె లేపని మొదటి పొద్దున సగం మందికి ఆటో తప్పిపోయింది. "వెంకమ్మ పండుకుని మా కూలి పోగొట్టె," అని ఆమెకు వినపడేలా అన్నారు. పండుకోలేదని ఆమె చెప్పలేదు. రెండో పొద్దుటికి ఊళ్లో ఫోన్లు కూయడం మొదలుపెట్టాయి. ఒక్కో ఇంట్లో ఒక్కో పాట. నాలుగు రోజులకు అందరికీ అలవాటైంది.

ఆ తర్వాత సాయంత్రాలు వెంకమ్మ గడప దగ్గరికి ఎవరూ రావడం లేదు. అన్నం తిని, నిద్ర ముంచుకొచ్చేదాకా గడప మీద కూర్చునేది. "జర లేపు అత్తా," అనే మాట ఇన్నాళ్లూ ఎంత విసుగనిపించినా, అది రోజుకొకసారి ఆమె పేరు పెట్టి పిలిచిన మాట. ఇప్పుడు స్రవంతి ఫోను చూసుకుంటూ ముందు నుంచి పోతుంది. తల ఎత్తితే నవ్వుతుంది, ఎత్తకపోతే లేదు. గంగే వారానికోసారి వచ్చి గోలీలు చూసి పోతుంది. ఆమెకు ఇంకా చాలా ఇళ్లున్నాయి.

ఒకరోజు వెంకమ్మ కళ్లు తెరిచేసరికి పైకప్పు సందుల్లోంచి ఎండ చాప మీద పడుతోంది. కాసేపు ఏమీ అర్థం కాలేదు. చెంప మీద చాప అచ్చు పడింది. కుక్క మొరిగిందో లేదో తెలియదు. ఫోన్లు కూసాయో లేదో తెలియదు. ఆటో వచ్చి పోయింది, అది కూడా తెలియదు. గుండె మీద చెయ్యి పెట్టి చూసుకుంది. నెమ్మదిగా కొట్టుకుంటోంది.

ఎవరికైనా చెప్పాలనిపించి బయటికి వచ్చింది. స్రవంతి ఇంటికి గొళ్లెం పెట్టి ఉంది. ముయా ట్రాక్టరు లేదు. బోరింగు దగ్గర ఒక కోడి తప్ప ఎవరూ లేరు. వీధంతా మిర్చి కోతకు వెళ్లిపోయింది. మేస్త్రీకి చెప్పాలన్నా అతను ఎక్కడో ఏటి అవతల చేలో ఉంటాడు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. చెప్పులు వేసుకోవడం మరిచిపోయిందని సగం దూరం పోయాక కాళ్లు కాలితే తెలిసింది.

సీతయ్య గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోతున్నాడు. నోరు కాస్త తెరుచుకుని ఉంది. చుట్టూ మేకలు ఆకులు నములుతున్నాయి. కర్ర చేతిలోంచి జారి పక్కన మట్టిలో పడి ఉంది.

వెంకమ్మ గబుక్కున వంగింది. చెయ్యి కర్ర దాకా పోయింది. వేళ్లకు వెదురు చల్లగా తగిలింది. అలాగే ఒక్క క్షణం ఉండి, చెయ్యి వెనక్కి తీసుకుని, అతనికి కొంచెం దూరంగా నేల మీద చతికిలబడింది.

ఒక మేక వచ్చి కర్ర వాసన చూసి పోయింది. చాలాసేపటికి సీతయ్య కళ్లు తెరిచాడు.

"ఏందే, గిప్పుడొచ్చినవ్?"

"పండుకున్న."

"ఏందీ?"

"పండుకున్ననయ్యా," అని అరిచింది వెంకమ్మ. ఖాళీ వీధిలో ఆ మాట పెద్దగా వినపడింది. "పొద్దెక్కేదాంక పండుకున్న."

అతనికి అందిందో లేదో తెలియదు. తలూపాడు. తర్వాత ఒళ్లు విరుచుకుని, అటు చూడకుండానే కర్ర కోసం పక్కన చేత్తో తడుముకున్నాడు. చెయ్యి అటు పోయింది, ఇటు పోయింది, దొరకలేదు. వెంకమ్మ చూస్తూ కూర్చుంది, అందించలేదు.